కృపానందం రంగేసిన మోటారు

మంగళవారం ఉదయం నేను వర్క్‌షాపులో అడుగు పెట్టేసరికి మోటారు బల్ల మీద మెరిసిపోతోంది. చూసి ముచ్చటపడ్డాను కూడా. ఓడలకు వేసే లేత బూడిద రంగు, రెండు పూతలు, ఎక్కడా కారిన చార లేదు. నడుము దగ్గర తెల్లరంగుతో, సన్న కుంచెతో మా వర్క్‌షాపున్న పేట పేరు, "డైరీ ఫార్మ్ 1" అని రాసి ఉంది. ఒకటి అంకె కింద చిన్న గీత కూడా గీశాడు.

"ఎలాగుంది తాతబ్బాయీ?" అన్నాడు కృపానందం, కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"బాగుంది" అని, సంచి కుర్చీకి తగిలించి, కాగితాల కట్ట తీశాను. ఆ తర్వాతే నాకు అనుమానం వచ్చింది.

"కృపానందం, దీని మీద నంబరు రేకు ఉండాలి కదా. ఏదీ?"

"అక్కడే ఉంది. తుప్పట్టీసి అసయ్యంగా ఉంటే వైరు బ్రష్షుతో బాగా తోమీసినాను. ఆ మీదట రంగేసీసినాను. ఇప్పుడు రేకెక్కడో, ఒళ్లెక్కడో నువ్వు చెప్పలేవు. అంత నున్నగా ఒచ్చింది."

నిజమే. నేను చెప్పలేకపోయాను. కుర్చీలో కూర్చున్నాను.

ఆ మోటారు సంగతి ముందుగా చెప్పాలి. మా దీవుల చుట్టూ తిరిగే ఒక గస్తీ పడవ ముందు భాగాన తుపాకీ పీఠం ఉంటుంది. ఆ పీఠాన్ని కుడికీ ఎడమకీ తిప్పేది ఇదే. చూడ్డానికి మంచి గుమ్మడికాయంత ఉంటుంది. యూరప్‌లో ఒక చిన్న ఊరి ఫ్యాక్టరీలో తయారైంది. అది కొన్నప్పుడే, మిమ్మల్ని అడగకుండా దీన్ని వేరెవరి చేతికీ ఇవ్వం అని మన ప్రభుత్వం ఆ దేశానికి రాసిచ్చింది. ఇప్పుడది పాడైంది. బాగుచేయాలంటే అక్కడికే వెళ్లాలి. మిలిటరీ సామాను కాబట్టి దేశం దాటి పంపడానికి మన ఢిల్లీ ఆఫీసు అనుమతి కావాలి. వాళ్ల దేశంలో దిగడానికి వాళ్ల అనుమతి కావాలి. బాగయ్యాక మళ్లీ మనకు పంపడానికి వాళ్లదే ఇంకొక అనుమతి. తిరిగొచ్చినప్పుడు, వెళ్లిందీ వచ్చిందీ ఒకటేనని ఇక్కడ కస్టమ్స్ వాళ్లకు చూపించాలి. ఇన్ని కాగితాల్లోనూ ఆ మోటారుని పోల్చుకోవడానికి ఉన్న గుర్తు ఒక్కటే, రేకు మీద చెక్కిన పదకొండు అక్షరాల నంబరు.

కాగితాలు నా పని. హార్బర్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయాక ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోవడం కష్టమైంది. అప్పుడు జూడీ వచ్చి, "అంకుల్, నాకు ఇంగ్లీషులో లెటర్లు రాసేవాళ్లు కావాలి, రోజూ రండి" అంది. ఆ పిల్లకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. నాకది తెలుసని ఆమెకూ తెలుసు. అయినా వెళ్తున్నాను. అబర్డీన్ బజార్లో ఎనిమిదింటి బస్సు ఎక్కుతాను. ఒక్కోరోజు ఆలస్యమైతే డ్రైవరు స్టాండు మలుపులో హారన్ కొట్టి, ఒక నిమిషం నాకోసం ఆగుతాడు.

జూడీ ఇంజనీరింగ్ చదివింది. వాళ్ల నాన్న పెట్టిన వర్క్‌షాపుని ఆయన తర్వాత నడుపుతోంది. ఇన్నాళ్లూ చేపల పడవల ఇంజన్లూ, హోటళ్ల జనరేటర్లే మా పని. గస్తీ పడవల సామాను పనికి మమ్మల్నీ లిస్టులో చేర్చండని రెండేళ్లుగా తిరిగింది. చివరికి స్టోర్స్ ఆఫీసువాళ్లు, "ఈ ఒక్క మోటారూ పద్ధతి ప్రకారం పంపించి, తిరిగి తెప్పించండి. సరిగ్గా జరిగితే మీ పేరు లిస్టులో ఉంటుంది. లేదంటే ఇకమీద అన్నీ మెయిన్‌ల్యాండ్ వర్క్‌షాపులకే" అన్నారు. ఢిల్లీ ఇచ్చిన అనుమతికి గడువు శుక్రవారం. ఆ రోజు మధ్యాహ్నం మోటారున్న పెట్టె విమానం ఎక్కాలి.

ఇక రంగు సంగతి. మా దీవుల్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ. పొద్దున్న తోమిన చాకు సాయంత్రానికి ఎర్రబడుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన, పన్నెండు నెలలూ ఉప్పుగాలి. అందుకని ఇక్కడివాళ్లు ఏ ఇనుప వస్తువు కనపడినా ముందు తోమి, రంగు వేసి, తర్వాత అదేమిటని అడుగుతారు. మెయిన్‌ల్యాండ్‌కి వెళ్లే వస్తువైతే మరీను. తుప్పుతో పంపితే మన దీవి పరువు పోతుందని జూడీ నాన్న అనేవాడట. రంగు లేకుండా ఏదీ గేటు దాటకూడదన్నది ఆయన పెట్టిన పద్ధతే. కృపానందం ముప్ఫై ఎనిమిదేళ్లుగా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. జూడీ సోమవారమంతా పెట్టె పంపే అనుమతి కోసం స్టోర్స్ ఆఫీసులో కూర్చుంది. ఈయన ఇక్కడ ఆమెను సంతోషపెడదామని కుంచె పట్టాడు.

జూడీ వచ్చింది. మోటారు చూసింది. నా మొహం చూసింది. థిన్నర్ డబ్బా తెచ్చి, దూదితో రేకున్న చోట నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టింది. కృపానందం పక్కన నిలబడి, "అయ్యో, ఎండిపోయిన రంగమ్మా అది!" అంటున్నాడు. రంగు పోయింది. రేకు బయటపడింది. పదకొండు అక్షరాల్లో మొదటి రెండూ, చివరిదీ మిగిలాయి. తక్కినవి వైరు బ్రష్షు మింగేసింది.

లేత్ మిషను దగ్గర్నుంచి సురేష్ బాబు వచ్చాడు. జూడీ తమ్ముడు. వాడికి ప్రపంచంలో ఏదీ పెద్ద విషయం కాదు.

"క్యా టెన్షన్ హై దీదీ? నంబరు అంకుల్ కాగితంలో ఉంది గదా. అంకెలు కొట్టే పంచ్‌లు ఉన్నాయి, సుత్తి ఉంది. ఐదు నిమిషాల్లో కొట్టేస్తాను. కంపెనీవాడు కూడా ఇంత నీట్‌గా కొట్టుండడు."

జూడీ నావైపు చూసింది. వద్దనమని అడుగుతోందో, సరేననమని అడుగుతోందో తెలియలేదు.

"అప్పుడది మనం రాసిన నంబరవుతుంది జూడీ" అన్నాను. "ఫ్యాక్టరీవాళ్లు వాళ్ల అచ్చుని చూడగానే గుర్తుపడతారు. గుర్తుపట్టకపోయినా, ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టాలి."

ఆమె కాసేపు థిన్నర్ దూదిని వేళ్ల మధ్య నలిపింది. "కొట్టొద్దులే బాబూ" అంది తమ్ముడితో. తర్వాత కృపానందం వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదేమో.

"పెదనాన్నా, ఇకమీద నువ్వు దీన్ని ముట్టుకోవద్దు. అంకుల్, లిస్టులోంచి ఈయన పేరు తీసేయండి."

మోటారుని ముట్టుకోవడానికి అర్హత ఉన్నవాళ్ల పేర్లు నాలుగు ముందే రాసి పంపాం. జూడీ, సురేష్ బాబు, కృపానందం, నేను. ఫొటోలతో సహా. ఇంకెవరైనా చెయ్యి వేస్తే అదొక నేరం.

"జరిగింది ఇక్కడి తనిఖీ అధికారికి ఎలాగూ రాయాలి. పేరు తియ్యాలంటే ఆవిడకే ఇంకో ఉత్తరం రాయాలి" అన్నాను. "ఒకేరోజు రెండు ఉత్తరాలు వెళ్తే ఆవిడ రెండూ పక్కన పెడుతుంది. శుక్రవారం తర్వాత రాద్దాం."

"మీ ఇష్టం" అంది విసుగ్గా.

కృపానందం క్యారియర్ తీసుకున్నాడు. "సరే తల్లీ" అన్నాడు. అంతే. జూడీ పుట్టినప్పుడు ఆసుపత్రి బయట వాళ్ల నాన్నతో పాటు తెల్లవార్లూ కూర్చున్న మనిషి. గేటు దాటి వాళ్ల ఊరు చౌల్దారీ వెళ్లే బస్సు వచ్చే వైపు నడిచి వెళ్లిపోయాడు.

నేను ఉత్తరం రాశాను. ఒకే ఉత్తరం ముగ్గురికి: ఢిల్లీకి, ఇక్కడి తనిఖీ అధికారికి, ఫ్యాక్టరీకి. జూడీ నా భుజం మీదుగా చదివింది.

"అనివార్య కారణాల వల్ల అని రాయండి అంకుల్. ఇదేంటి, 'మా ఫిట్టర్ అభిమానంతో రంగు వేశారు' అని? గవర్నమెంటు లెటర్లో అభిమానం ఏంటి?"

"కారణం అడుగుతారు కదమ్మా. కారణం అదే."

"నవ్వుతారు."

"నవ్వితే మంచిదే. నవ్వినవాళ్లు వెంటనే జవాబు రాస్తారు."

పంపేశాం. ఆ రోజు జూడీ అన్నం తినలేదు. సురేష్ బాబు చేపల కూర డబ్బా ఆమె ముందు పెట్టి, మూత తీసి వెళ్లిపోయాడు. కాసేపటికి చూస్తే డబ్బా ఖాళీ. మనుషులు ఏడుస్తూ కూడా చేపలు తింటారు. అదొక అదృష్టం.

బుధవారం తనిఖీ అధికారి స్వాతి వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. జేబులో భూతద్దం, చేతిలో ఫైలు. రేకుని మూడుసార్లు చూసింది.

"అభిమానం బాగానే పనిచేసింది" అంది. జూడీ నన్ను గుచ్చినట్టు చూసింది. "దేఖో జూడీ గారూ, మీరు ముందే చెప్పారు కాబట్టి నేనొక్కదాన్నే వచ్చాను. మీరు చెప్పకుండా నాకు తెలిసుంటే నాతో ఇంకో నలుగురు వచ్చేవాళ్లు. అందులో ఇద్దరు యూనిఫాంలో."

"ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?"

"ఇది ఆ మోటారేనని నాకు ఎలాగైనా రుజువు కావాలి. లేకపోతే శుక్రవారంతో పర్మిషన్ ఖతం. మళ్లీ మొదట్నుంచి అప్లికేషన్."

మళ్లీ మొదట్నుంచి అంటే ఐదారు నెలలు. అన్నాళ్లు మాకోసం ఎవరూ ఆగరు.

మధ్యాహ్నం మూడింటికి ఢిల్లీ జవాబు వచ్చింది. మూడే మూడు వాక్యాలు. తయారుచేసినవారు చెప్పిన పద్ధతిలో, తనిఖీ అధికారి ఎదుట, వస్తువు గుర్తింపు నిర్ధారణ అయితే అనుమతి చెల్లుతుంది. గడువు పెంచడం కుదరదు. నిజం తెలిపినందుకు ధన్యవాదాలు. ఆ మూడో వాక్యం రాయాల్సిన అవసరం ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. ఎవరో రాశారు. నేను రెండుసార్లు చదువుకున్నాను.

నాలుగున్నరకు ఫ్యాక్టరీ నుంచి ఒక ఇంజనీరమ్మ జవాబు పంపింది, ఫొటోతో సహా. మోటారు మెడ దగ్గర, కేబుల్ దూరే చోట ఒక ఇత్తడి మూత ఉంటుంది. ఆ మూత లోపలి అంచు మీద అదే నంబరు రెండోసారి అచ్చు కొట్టి ఉంటుంది. మూత వరకూ తియ్యవచ్చు, అది మోటారు విప్పినట్టు కాదు. అయితే మూతకి అర అంగుళం కింద ఎర్రటి సీలు ఉంది. దానికి పగులు వస్తే మాత్రం మోటారు విప్పినట్టే లెక్క, వాళ్ల దేశం ఇచ్చిన అనుమతి రద్దవుతుంది.

"మూత తియ్యడమే కదా" అన్నాడు సురేష్ బాబు. "హో గయా!"

గురువారం పదింటికి స్వాతి వచ్చి కుర్చీ వేసుక్కూర్చుంది. జూడీ మూతకి గుడ్డ చుట్టి రెంచి పట్టింది. తిరగలేదు. బలం పెట్టింది. తిరగలేదు. ఆరేళ్లు సముద్రం మీద తిరిగిన మోటారు. ఉప్పు మరల్లోకి దిగి రాయి అయిపోయింది. సురేష్ బాబు ఒకసారి ప్రయత్నించాడు. తర్వాత మూల నుంచి మూడడుగుల పైపు తెచ్చి రెంచికి తొడిగాడు.

"ఆ పైపు తీసి పక్కన పెట్టండి" అంది స్వాతి, కుర్చీలోంచి లేవకుండానే.

"మేడమ్, కొంచెం లీవరేజీ..."

"నేను చూస్తున్నది మూతను కాదు భయ్యా, సీలుని. అది మీ పైపుని చూసి వణుకుతోంది."

పదకొండయింది. వర్క్‌షాపు రేకుల కప్పు మీద వాన పడి, వెలిసింది. జూడీ రెంచి కింద పెట్టి అరచేతులు చూసుకుంది. ఎర్రగా కమిలిపోయాయి.

"పెదనాన్న అయితే..." అన్నాడు సురేష్ బాబు, పైకప్పు వైపు చూస్తూ.

జూడీ రెంచిని గుడ్డతో తుడవసాగింది.

"ఎవరు ఈ పెదనాన్న?" అంది స్వాతి.

"రంగు వేసినాయన" అంది జూడీ.

"ఓహో. అభిమానం. లిస్టులో పేరుందా?"

నేను ఫైలు తెరిచి చూపించాను. "మూడో పేరు."

"అయితే పిలవండి. నేను నాలుగింటి వరకూ ఉంటాను. ఆ తర్వాత కాగితం మీద 'గుర్తింపు కాలేదు' అని రాసి వెళ్లిపోతాను. నాకూ ఇష్టం లేదు, కానీ రాస్తాను."

జూడీ ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. "కోపం మీదున్నాడు" అంది.

"కృపానందానికి కోపం వచ్చి నేను చూడలేదు" అన్నాను. "ఫోను చొక్కాలో ఉండి, చొక్కా మేకుకి ఉండుంటుంది. చలో, వెళ్దాం."

వర్క్‌షాపు వ్యానులో బయల్దేరాం. జూడీ డ్రైవింగు. గారాచర్మ దాటాక దారి పక్కన పోక తోటలు మొదలయ్యాయి.

"రంగు లేకుండా గేటు దాటకూడదని మా నాన్న అనేవారు కదా అంకుల్?"

"అనేవాడు."

"నాకది గుర్తుంది. మంగళవారం కూడా గుర్తుంది. అయినా అలా అన్నాను." కొంచెం ఆగి, "ఎలా అడగాలో చెప్పండి" అంది.

"నాకేం తెలుసమ్మా? మా ఇంట్లో నేను అడగకముందే మా ఆవిడ సరేననేది. నాకు ప్రాక్టీసు లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

చౌల్దారీలో కృపానందం ఇంటికి తాళం. పక్కింటావిడ గుడివైపు చెయ్యి చూపించింది. క్రిస్మస్‌కి ఇంకా ఆరు రోజులుంది. గుడిలో పాటల ప్రాక్టీసు జరుగుతోంది. ఆడవాళ్లు ఒక చరణం పాడి, మధ్యలో ఆగి, ఎవరు ముందు ఎత్తుకున్నారని దెబ్బలాడుకుంటున్నారు. కృపానందం లోపల లేడు. బయట, నిచ్చెన మీద ఉన్నాడు. బనీనుతో, చేతిలో కుంచెతో, గుడి ఇనప గేటుకి నీలం రంగు వేస్తున్నాడు. సగం అయింది.

జూడీ నిచ్చెన కింద నిలబడింది. "పెదనాన్నా."

ఆయన కిందికి చూశాడు. "దీన్ని ముట్టుకోవచ్చా తల్లీ? దీనికీ లిస్టుందేటి?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. జూడీ ఆపుకుంది.

"మంగళవారం ఎక్కువ మాట్లాడేశాను."

"ఎక్కువేటి నేదు. నీకు కోపమొచ్చినంత మాటాడినావు. నానూ అడగాల్సింది. మీ నాన్నుంటే చెప్పుండేవోడు, ఒరే ఇది పడవ ఇంజను కాదురా అని." కుంచె డబ్బాలో పెట్టాడు. "ఏటయింది? నువ్వొచ్చావంటే ఏటో బిగుసుకుపోయింది."

"ఇత్తడి మూత."

"ఉప్పా?"

"ఉప్పే."

"పైపు పెట్టీసినాడా ఆ సురేషు?"

"పెట్టబోయాడు. ఆఫీసరు ఆపింది."

"బంగారు తల్లి. ఎవులమ్మాయో గానీ" అంటూ దిగాడు.

అంతలో గుడిలోంచి ఆయన భార్య అబిగేలు బయటికి వచ్చింది. విషయం విని, మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చీవాట్లు పెట్టింది. ఆయన్నేమో అడక్కుండా రంగేసినందుకు, జూడీనేమో పెద్దవాణ్ని పట్టుకుని మాట అన్నందుకు. నన్ను ఎందుకు తిట్టిందో ఇప్పటికీ తెలియదు. బహుశా అక్కడున్నందుకు. తిడుతూనే గుడి వంటింట్లోంచి అరిటాకులో నిమ్మకాయ పులిహోర కట్టి తెచ్చింది.

"సగం గేటు నీలం, సగం తుప్పు. పండక్కి ఎవులైనా వస్తే ఏటనుకుంటారు?" అంది.

"రేపొచ్చి ముగిస్తానే."

"నువ్వు కాదు, నానే వేసీగలను. ఎల్లు, ఎల్లు."

మేం వ్యాను ఎక్కి వెనక్కి చూస్తే, ఆమె అప్పటికే చీర చెంగు దోపి నిచ్చెన ఎక్కుతోంది.

రెండున్నరకు వర్క్‌షాపు చేరాం. కృపానందం స్వాతికి నమస్కారం పెట్టి, తన ఫొటో గుర్తింపు కార్డు చూపించి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి మోటారు ముందు కూర్చున్నాడు. ముందు దాన్ని ముట్టుకోలేదు. చుట్టూ చూశాడు. బొటనవేలితో మూత అంచు తడిమాడు. తర్వాత వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి మూతకి చుట్టాడు. చల్లారగానే ఇంకొకటి. ఐదారు గుడ్డలయ్యాక, అగ్గిపుల్లతో రెండే రెండు చుక్కల నూనె మూత అంచున వేశాడు. సుత్తి పిడి వెనక్కి తిప్పి, చెక్కతో, తలుపు తట్టినట్టు చుట్టూ తట్టాడు.

"ఇప్పుడు?" అంది స్వాతి.

"ఇప్పుడు టీ తాగాల."

"ఏంటీ?"

"నూనె దిగాలమ్మా. దానికి మనం తొందరపెడితే దిగదు. మనం టీ తాగితే దిగుతాది."

టీ తాగాం. స్వాతి గడియారం చూసింది. మూడుం బావు. కృపానందం మూత పట్టుకుని, చెయ్యి బిగించి, వదిలేశాడు. మళ్లీ గుడ్డలు, మళ్లీ రెండు చుక్కలు.

"ఇంకో టీ" అన్నాడు.

"అంకుల్, నేను తనిఖీకి వచ్చాను, చుట్టరికానికి కాదు" అంది స్వాతి. అన్నా గ్లాసు అందుకుంది. పులిహోర కూడా అందుకుంది. "మా అమ్మ ఇలాగే చేస్తుంది" అని రెండోసారి పెట్టించుకుంది.

నాలుగుకి పన్నెండు నిమిషాలు. కృపానందం బల్ల ముందు నిలబడ్డాడు. ఎడమచేత్తో మోటారు మెడని పట్టుకున్నాడు. కుడిచేత్తో మూతని. రెంచి లేదు. కళ్లు మూసుకున్నాడు. స్వాతి కుర్చీలోంచి లేచి సీలు మీదకు వంగింది. జూడీ నా చొక్కా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు తనకి తెలియదు. ఏదో చిన్న చప్పుడు, ఎండిన ఆకు మీద అడుగు పడ్డట్టు.

"సీలు?" అంది జూడీ.

"సీలు బాగుంది" అంది స్వాతి. "తిప్పండి, తిప్పండి."

మూత వెంట్రుకవాసి తిరిగింది. మళ్లీ వెంట్రుకవాసి. అక్కడ్నుంచి తేలిగ్గా చుట్లు చుట్లుగా ఊడి ఆయన అరచేతిలో పడింది. బయటంతా ఆకుపచ్చ చిలుము. లోపల నిన్ననే చేసినట్టు పసుపుపచ్చటి ఇత్తడి. అంచున పాత గ్రీజు, దాని కింద అక్షరాల నీడ.

కృపానందం అలవాటుగా నడుము దగ్గరి గుడ్డ లాగి తుడవబోయాడు.

"తోమొద్దు!" అని మేం నలుగురం ఒక్కసారి అరిచాం.

ఆయన గుడ్డ వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు, దొంగ దొరికినట్టు. సురేష్ బాబు నవ్వుతూ లేత్ మిషను మీద వాలిపోయాడు. స్వాతి కూడా మొదట పెదవి బిగించి, తర్వాత ఆగలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు తగ్గాక ఆమే మెత్తటి టిష్యూతో గ్రీజు అద్దింది. భూతద్దం పెట్టి చదివింది. నేను కాగితం మీద వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. ఆరో అక్షరం దగ్గర ఆమె ఆగింది. కాగితం మీద నా వేలూ ఆగింది. "ఎనిమిది" అంది. కాగితంలోనూ ఎనిమిదే. పదకొండూ కలిశాయి.

స్వాతి మూతకి, సీలుకి, రేకుకి ఫొటోలు తీసింది. సంతకం పెట్టింది, స్టాంపు కొట్టింది. జూడీ సంతకం, నా సంతకం. ఫ్యాక్టరీకి ఫొటోలు వెళ్లాయి. అరగంటలో ఇంజనీరమ్మ సంతకంతో కాగితం తిరిగొచ్చింది. అడుగున ఆవిడ ఒక ప్రశ్న రాసింది, ఆ బూడిద రంగు ఎవరు వేశారు, మా దగ్గర ఎవరూ ఇంత బాగా వెయ్యరు అని. జూడీ దాన్ని తెలుగులో చదివి వినిపించింది. కృపానందం వినపడనట్టు మూత మళ్లీ బిగిస్తూ కూర్చున్నాడు. కానీ చెవుల దాకా నవ్వు.

"వచ్చే నెల ఇలాంటివి ఇంకో మూడున్నాయి" అంది స్వాతి వెళ్తూ. "మీ దగ్గరికే పంపమని రాస్తాను. వచ్చిన రోజే నంబర్ల ఫొటోలు తీసి నాకు పంపండి. ముందు ఫొటో. తర్వాతే కుంచె." జూడీ తల చాలాసార్లు ఊపింది.

శుక్రవారం నలుగురం విమానాశ్రయం కార్గో షెడ్డుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా పెట్టె తెరిపించి, కాగితాలన్నీ తిరగేసి, "వస్తువు స్థితి" అన్నచోట నా చేతిరాత చదివాడు. పాడైన మోటారు, కొత్తగా రంగు వేయబడినది. ఒకసారి మోటారుని చూసి, ముద్ర కొట్టాడు. పెట్టె బెల్టు మీద నెమ్మదిగా లోపలికి వెళ్లిపోయింది.

మేం బయట వానలో, షెడ్డు చూరు కింద నిలబడ్డాం. సురేష్ బాబు ఎక్కడినుంచో వేడి వేడి సమోసాలు పట్టుకొచ్చాడు. విమానం పరుగెత్తి లేచింది. రెక్కలు మబ్బులోకి దూరేదాకా కృపానందం మెడ ఎత్తి చూశాడు.

"నానెప్పుడూ ఇమానం ఎక్కలేదు తాతబ్బాయీ. ఆ మోటారు మాత్రం ఏకంగా ఫారిన్ పోతోంది."

"అది ఊరికే పోవట్లేదు పెదనాన్నా" అంది జూడీ. "వెళ్లడానికి పర్మిషన్, దిగడానికి పర్మిషన్, తిరిగి రావడానికి పర్మిషన్. నీకూ అన్నీ రాయించమంటావా? అంకుల్ రాస్తారు."

"నాకు తిరిగి రావడానికి అక్కర్లేదమ్మా. పర్మిషన్ లేకపోయినా వచ్చీస్తాను. అబిగేలు ఊరుకోదు."

జూడీ నవ్వుతూ సమోసా సగం విరిచి పెద్ద ముక్క ఆయనకిచ్చింది. వాన ఇంకా తగ్గలేదు. వ్యాను దాకా పరుగెడదామా, ఆగుదామా అని కాసేపు వాదించుకున్నారు. చివరికి నలుగురం ఒక ప్లాస్టిక్ షీటు తలల మీద పట్టుకుని, నీటిగుంటలు దాటుకుంటూ, ఎవరి కాలు ఎవరు తొక్కుతున్నారో తెలియకుండా పరుగెత్తాం.